యాసంగి వడ్లు, అమీర్‌పేట ఫీజులు
ఎండల్లో ఉద్యోగాల వేటలో పల్లె విద్యార్థులు

కల్లాల్లో యాసంగి వడ్లు ఆరే రోజుల్లోనే హైదరాబాదు అమీర్‌పేటలో కొత్త బ్యాచ్‌ల సందడి పెరుగుతుంది. రెండింటికీ సంబంధం లేదని పైకి అనిపిస్తుంది. పల్లె కుటుంబానికి మాత్రం గట్టి సంబంధమే ఉంది. కొనుగోలు కేంద్రంలో తూకమైన ధాన్యం సొమ్ము ఏప్రిల్, మే నెలల్లో బ్యాంకు ఖాతాలో పడుతుంది. తొలకరికి విత్తనాలకూ ఎరువులకూ దాచుకోవలసిన ఆ సొమ్ములో కొంత కొడుకు కోచింగ్ ఫీజుగానో, కూతురు హాస్టల్ ఖర్చుగానో పట్నం దారి పడుతోంది.

డిగ్రీ, ఇంజనీరింగు చివరి పరీక్షలు రాసిన పిల్లలకు వేసవి అంటే ఇదివరకు సెలవులు. తాటి ముంజలు, మామిడికాయలు, మేనమామ ఇంట్లో పెళ్లిళ్లు, రాత్రి వాకిట్లో మంచాలు. ఇప్పుడు అదే వేసవి ఉద్యోగాల వేటకు ముహూర్తమైంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పే ఎండల్లో, భుజాన సంచీ, చేతిలో బయోడేటా కాగితాలతో వందలాది మంది కుర్రకారు అమీర్‌పేట వీధుల్లో తిరుగుతూ కనిపిస్తారు.

ఒక బస్సు, ఒక రైలు

నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చేవారికి దారి సులువైంది. ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో రైలు ఎక్కితే నేరుగా అమీర్‌పేటలో దిగవచ్చు. ఈ మార్గం 2018 సెప్టెంబరు 24న మొదలైంది. అమీర్‌పేట స్టేషను రెండు మెట్రో మార్గాలు కలిసే చోటు. మియాపూర్, ఎల్బీనగర్ రైళ్లు ఒక మార్గంలో, నాగోల్, రాయదుర్గం రైళ్లు మరో మార్గంలో నడుస్తాయి. రాయదుర్గం రైలు హైటెక్ సిటీ మీదుగా పోతుంది. మెడలో కంపెనీ కార్డు వేసుకున్న ఉద్యోగులు ఆ రైలెక్కుతుంటే, నోటు పుస్తకం పట్టుకున్న విద్యార్థి మెట్లు దిగి క్లాసుకు పోతాడు. ఇద్దరికీ నడుమ ఉన్నది ఒక్క ప్లాట్‌ఫారమే అయినా, అది దాటడానికి ఒక్కొక్కరికి ఏళ్లు పడుతున్నాయి.

స్టేషను నుంచి మైత్రీవనం వరకూ, దాని చుట్టుపక్కల సందుల్లోనూ గోడ కనిపించకుండా బోర్డులే. జావా, పైథాన్, టెస్టింగ్, క్లౌడ్, డేటా సైన్స్ అంటూ పేర్లు. దారిన పోయేవారి చేతుల్లో కరపత్రాలు పెట్టే కుర్రాళ్లు. కింద జిరాక్సు దుకాణాలు, టిఫిన్ బండ్లు, పై అంతస్తుల్లో క్లాసులు. పక్కనే ఉన్న సంజీవరెడ్డి నగర్‌లోనూ, బల్కంపేట ఎల్లమ్మ గుడి పరిసరాల్లోనూ హాస్టళ్లు. ఇటు పంజాగుట్ట వరకూ ఇదే వాతావరణం.

మనసులో లెక్కలు

ఇలా వచ్చిన కుర్రాడి రోజు తెల్లవారుజామునే మొదలవుతుంది. హాస్టల్ గదిలో నాలుగు మంచాలు, ఒక ఫ్యాను. ఎండ ముదిరితే బోరు అడుగంటుతుంది. ట్యాంకరు రాకముందే స్నానం ముగించాలి. ఏడింటికి ఒక క్లాసు, పదింటికి మరొకటి. మధ్యాహ్నం గదిలో ఉడుకు భరించలేక, కూలరు ఉందన్న ఒక్క కారణంతో స్టడీ హాలుకు చేరేవారూ ఉన్నారు. సాయంత్రం చాయ్ బండి దగ్గర నలుగురు చేరితే మాటలన్నీ ఒకటే. ఏ కంపెనీ ఎవరిని పిలిచింది? ఏ సంవత్సరం పాసైన వారిని అడుగుతున్నారు? ఏ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుంది?

రాత్రి ఇంటి నుంచి ఫోను వస్తుంది.

"ఏం తిన్నవ్ బిడ్డా?" అని అమ్మ అడుగుతుంది. తరువాత నాన్న ఫోను అందుకుని, "మరి ఏమన్న తెలిసిందా?" అంటాడు. "అయితది నాన్నా, ఇంకో నెల" అని కుర్రాడి జవాబు. ఉద్యోగం అన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా ఆ ప్రశ్న ఇద్దరికీ తెలుసు.

ఫోను పెట్టాక నిద్ర పట్టదు. మూడు నెలల హాస్టల్‌కు నెలకు ఆరు వేల చొప్పున 18 వేలు, కోర్సు ఫీజు 20 వేలు అనుకుంటే మొత్తం 38 వేలు. 2024-25లో ఏ గ్రేడు వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. ఆ లెక్కన ఇది 16 క్వింటాళ్లకు పైగా ధాన్యం. ఎకరాకు పాతిక క్వింటాళ్లు పండితే, ఎకరంలో మూడింట రెండు వంతుల పంట. దుక్కి, నాటు, కోత ఖర్చులు తీయకముందు లెక్క ఇది. అందుకే మిత్రులు సినిమాకు పోదామన్నా కొందరు తలనొప్పి అని చెప్పి గదిలోనే ఉండిపోతారు. మరికొందరు సాయంత్రాలు బైకు మీద భోజనాల పొట్లాలు అందజేస్తూ చేతి ఖర్చులు సంపాదించుకుంటున్నారు. ఈ సంగతి ఇంట్లో చెప్పేవారు తక్కువ.

ఆడపిల్లల చింత మరొక తీరు. ఈ వేసవిలో ఉద్యోగం దొరక్కపోతే వచ్చే వేసవికి పెళ్లి మాట ఎత్తుతారని వారికి తెలుసు. వారికి మూడు నెలల గడువంటే నిజంగా మూడు నెలలే.

టైపు మిషన్ల నాటి నుంచి

చదువు అయ్యాక మరో చదువు చదివితే గానీ ఉద్యోగం రాదన్నది కొత్త మాట కాదు. 1970ల్లో, 1980ల్లో పట్టణాల్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు కిటకిటలాడేవి. లోయర్, హయ్యర్ పాసై, షార్ట్‌హ్యాండ్ నేర్చి, ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని పోస్టుమాన్ కోసం ఎదురు చూసిన తరం నేటి విద్యార్థుల తండ్రులది, తాతలది.

1990ల చివర కథ మారింది. 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీల లెక్క తప్పుతాయన్న భయంతో, వాటిని సరిచేయడానికి కోబాల్ భాష తెలిసినవారికి అమెరికాలో గిరాకీ ఏర్పడింది. హైదరాబాదులో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో నాటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. నగరం నడిబొడ్డున, బస్సులన్నీ కలిసే అమీర్‌పేట కంప్యూటర్ శిక్షణకు అడ్డా అయింది. కాలేజీలో ఏళ్ల తరబడి చెప్పని పనిని ఇక్కడ రెండు మూడు నెలల్లో, తక్కువ ఫీజుకు, తెలుగు కలిపిన ఇంగ్లీషులో చెప్పడం దీని బలం. ఇంగ్లీషు మీడియం చదవని పల్లె పిల్లలు ఎందరో ఈ మెట్లెక్కి పైకి వచ్చారన్నది కాదనలేని నిజం.

అయితే ఈ బాట ఎప్పుడూ ఒకేలా లేదు. 2001లో అమెరికాలో కంప్యూటర్ కంపెనీలు దెబ్బతిన్నప్పుడు, 2008లో అక్కడి బ్యాంకులు కూలినప్పుడు ఇక్కడి క్లాసులూ పలచబడ్డాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో గదులు ఖాళీ అయి, పాఠాలు ఫోన్లలోకి పోయాయి. తిరిగి జనం వచ్చారు గానీ, 2023 నుంచి పెద్ద కంపెనీలు కొత్తవారిని తీసుకోవడం బాగా తగ్గించాయి. చిన్నాచితకా ప్రోగ్రాములు కృత్రిమ మేధే రాసిపెడుతుండటంతో, కోర్సు పేరు ఒక్కటే చూపి ఉద్యోగం అడిగే రోజులు పోతున్నాయి.

సర్కారు కొలువు కోసం

సాఫ్ట్‌వేరు వద్దనుకుని సర్కారు కొలువుకు చదివేవారి నిరీక్షణ ఇంకా పొడుగు. గ్రూప్-1 సంగతే చూడవచ్చు. తెలంగాణలో 2022 అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్‌ను ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్లీ పరీక్ష పెట్టారు. దాన్ని ఆ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చి, జూన్ 9న ప్రిలిమ్స్ జరిగింది. ఒకే మెట్టు కోసం మూడుసార్లు పరీక్ష హాలుకు వెళ్లిన అభ్యర్థికి ఆ మధ్యలో రెండు వేసవులు కరిగిపోయాయి. హాస్టల్ కిరాయి మాత్రం ఏ నెలా ఆగలేదు.

మోసాలతో జాగ్రత్త

నిరీక్షణ పెరిగిన చోటనే దళారీలు చేరతారు. లక్షో రెండు లక్షలో ఇస్తే దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తామంటారు. పని చేయకుండానే మూడేళ్ల అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్లు తయారు చేసి ఇస్తామంటారు. ఒకటి రెండు నెలలు జీతం వేసి, ఆపై ఆఫీసుకు తాళం వేసి మాయమైన వారి కథలు తరచూ పోలీసు స్టేషన్ల దాకా వస్తున్నాయి. దొంగ అనుభవం కాగితంతో చేరినవారు తనిఖీలో దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, కేసులూ ఎదుర్కోవలసి వస్తుంది.

గుర్తు పెట్టుకోవలసినది ఒక్కటే. పేరున్న కంపెనీ ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడగదు. డిపాజిట్ అన్నా, శిక్షణ ఖర్చు అన్నా, ల్యాప్‌టాప్ కోసమన్నా అనుమానించవలసిందే. కంపెనీ నిజంగా ఉందో లేదో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడవచ్చు. ఆన్‌లైన్‌లో సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. గల్ఫ్ వంటి చోట్లకు పంపుతామనే ఏజెంట్లు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. వారు తీసుకోదగిన రుసుము జీఎస్టీ కాక 30 వేల రూపాయలకు మించరాదు.

ఖర్చు లేని దారులు

పట్నం పోకముందే ఇంట్లో ఉండి తేల్చుకోదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఐఐటీల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటెల్ పాఠాలు, కేంద్ర ప్రభుత్వ స్వయం వేదిక పాఠాలు ఫోనులోనే ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ పరీక్ష రాయదలచుకుంటేనే రుసుము కట్టాలి. తెలంగాణలో 2014లో ఏర్పడిన టాస్క్ సంస్థ కాలేజీల ద్వారా విద్యార్థులకు నైపుణ్య శిక్షణ ఇస్తోంది. కాలేజీ ప్లేస్‌మెంట్ అధికారిని అడిగితే వివరాలు తెలుస్తాయి. నెల రోజులు ఉచిత పాఠాలు విని, ఆ పని తనకు నచ్చిందా, చేతనవుతుందా అని చూసుకున్నాక అమీర్‌పేట బస్సు ఎక్కితే సగం ఖర్చు, సగం బెంగ తగ్గుతాయి.

అమీర్‌పేటలో చేరదలచినా తొందర పనికిరాదు. చాలా చోట్ల మొదటి రెండు మూడు క్లాసులు డెమో పేరుతో ఉచితంగా వినిపిస్తారు. ఒక్క చోట కాక మూడు చోట్ల వినాలి. పాఠం చెప్పేది డెమో చెప్పిన వ్యక్తేనా, మధ్యలో మారతారా అని అడగాలి. కిందటి బ్యాచ్ వారితో మాట్లాడాలి. మొత్తం ఫీజు ఒకేసారి కట్టకుండా విడతలుగా కడతామనాలి. రసీదు తప్పక తీసుకోవాలి. నూటికి నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అన్న బోర్డు కనిపిస్తే, ఆ గ్యారంటీ కాగితం మీద రాసి ఇస్తారా అని అడిగితే చాలు, నిజం బయటపడుతుంది.

గడువు సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. ఎన్ని నెలలు, ఎంత ఖర్చు, ఆ లోపు కాకపోతే ఏం చేయాలి అన్నది తల్లిదండ్రులూ పిల్లలూ కూర్చుని తేల్చుకుంటే, రాత్రి ఫోనులో దాగుడుమూతలు ఉండవు. దొరికిన చిన్న ఉద్యోగంలో చేరి, పెద్దదానికి చదువుకోవడం నామోషీ కాదు. తిరిగి ఊరు రావడం ఓటమీ కాదు.

తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు తూకం వేయరు. ఆ తేమ తగ్గించడానికి రైతు రోజుల తరబడి ఎండలో వడ్లు నెరుపుతాడు. అంత కష్టంతో చేతికొచ్చిన సొమ్మును ఒక్క కరపత్రం చూసి కట్టేయడం తగదు. కోర్సునూ అలాగే నాలుగు రోజులు ఆరబోసి, పరీక్షించి, ఆ తరువాతే బేరం కుదుర్చుకోవాలి.