పటములో హద్దులు కలుపుట: పంచాయతీ సభ్యులు గమనింపవలసినవి

గ్రామ పటములు నేడు కంప్యూటరులోని కెక్కుచున్నవి. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకము క్రింద నివేశన స్థలములను డ్రోనులతో కొలిచిన సంగతి మనమెరిగినదే. ఇట్టి పటములో ప్రతి స్థలము ఒక ఆకారము. దానికి నెంబరు, విస్తీర్ణము, వర్గము జతపరుపబడి యుండును.

పోరంబోకు అంతయు ఒక్కచో చూడగోరినచో, ఆ వర్గపు ఆకారములను కంప్యూటరు ఒకటిగా చేర్చి, నడిమి హద్దులను తుడిచివేయును. ఇందు మూడు చిక్కులు గలవు.

మొదటిది: వర్గము మాత్రమే చూచినచో, ఊరికి తూర్పునను పడమటను ఉన్న రెండు కుంటలు ఒకే పద్దుగా లెక్కకు వచ్చును. కావున ఆనుకొనియున్న వానినే కలుపవలెను.

రెండవది: ఒకచో ‘చెరువు’ అనియు, వేరొకచో ‘చెర్వు’ అనియు వ్రాసినచో యంత్రము వానిని వేరుగా నెంచును.

మూడవది ముఖ్యము. అంచులు సరిగా కలియనిచోట సన్నని సందులు మిగులును. 3 మీటర్ల లోపు సందులన్నియు పూడ్చుమన్నచో, వేరు ఆకారముగా గీయబడని 2 మీటర్ల కాలిబాటయు మాయమగును.

తుడిచిన హద్దు కలిపిన పటమునుండి తిరిగి రాదు. కనుక మూలపటమును విడిగా భద్రపరుపవలెను. విస్తీర్ణమును సరిచూడవలెను: 40 సెంట్లు, 60 సెంట్లు కలిసి 100 సెంట్లే కావలెను; హెచ్చినచో ఏదో సందు లోపలికి పోయినదని అనుమానింపవలెను.

కలిపిన పటమును గ్రామసభలో పరచి, కుంటలు, డొంకలు, శ్మశానము ఒక్కొక్కటిగా పేరుతో చదివింపుడని సభ్యులను కోరుచున్నాము. పటమున లేని ఉమ్మడి ఆస్తిని రేపు కాపాడుట కష్టము.