కూర్చుని వాయించే పెట్టె

ఇటీవల కొన్ని సంఘములలో యౌవనస్థులు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, కొంచెము ముందుకు వంగి, దాని ముందు పలకను చేతులతో కొడుతూ కీర్తనలకు తాళము వేయడము మీలో కొందరు చూచియుంటారు. దీని పేరు కహోన్. స్పానిష్ భాషలో ఆ మాటకు పెట్టె అని అర్థము. "డోలక్ ఉండగా ఈ పెట్టె ఎందుకు?" అని పెద్దలు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. జవాబుకు ముందు దాని పుట్టుక తెలుసుకుందాము.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశము దీని పుట్టిల్లు. స్పెయిన్ వారి పాలనలో ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడిన ప్రజలు అక్కడి తీరప్రాంతములలో చాకిరీ చేశారు. తమ నాటి డోళ్లు వారికి లేవు. సరుకులు వచ్చే చెక్కపెట్టెలు కంటబడ్డాయి. వాటినే వాయించుకున్నారు! 1854లో అక్కడ బానిసత్వము రద్దయింది. పెట్టె మాత్రము వారి పాటలను విడువలేదు.

1977లో స్పెయిన్ దేశపు గిటారు విద్వాంసుడు పాకో దె లూసియా పెరూ వెళ్లినప్పుడు, కైట్రో సోటో అనే నల్లజాతి కళాకారుడు వాయించగా విని, ఒక కహోన్‌ను తన దేశమునకు తీసుకువెళ్లాడు. ఆయన బృందములో బ్రెజిల్‌కు చెందిన రూబెం దాంతాస్ దానిని వాయించాడు. అక్కడి ఫ్లమెంకో సంగీతములో అది ఎంతగా కలిసిపోయిందంటే, చాలామంది దానిని స్పెయిన్ వాద్యమే అనుకున్నారు. చేసుకున్నవారి పేరు మరుగునపడింది. డప్పు కొట్టే చేతులను ఊరి చివర ఉంచిన మన పల్లెలలో ఈ బాధను వివరించనక్కరలేదు. 2001లో పెరూ ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ కహోన్‌ను తమ జాతి వారసత్వ సంపదగా ప్రకటించింది.

ఇక మన అవసరము. దీనికి తోలు లేదు గనుక వానాకాలములో డప్పువలె మెత్తబడదు, మంట దగ్గర కాచే పని లేదు. కరెంటు అక్కరలేదు. దుకాణములో వేలు పోసి కొననవసరము లేదు. మీ ఊరి వడ్రంగి చేయగలడు. ఎత్తు సుమారు అడుగున్నర, వెడల్పు, లోతు అడుగు చొప్పున. పక్కలకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కొట్టే పలకకు 3 మిల్లీమీటర్లది. వెనుక పలకలో నాలుగైదు అంగుళాల గుండ్రని రంధ్రము. అతుకులకు జిగురు బాగా పట్టించాలి, సందు ఉంటే చిటపట శబ్దము వస్తుంది. ముందు పలకను మాత్రము మరలతో బిగించి, పై మూలల మరలు కొంచెము వదులు చేస్తే అంచున 'టక్' అని స్పష్టముగా పలుకుతుంది. మధ్యలో అరచేతితో కొడితే 'గుమ్'మంటుంది. లోపల పలకకు ఆనునట్లు పాత గిటారు తీగలు బిగిస్తే సన్నని జరజర శబ్దము తోడవుతుంది. అడుగున నాలుగు రబ్బరు ముక్కలు పెట్టండి.

డోలక్‌కు ఇది బదులా? కాదని మా అభిప్రాయము. డోలక్ పలికే గమకములు దీనికి రావు, పందిరి క్రింద పెద్ద కూటములో వెనుక రంధ్రము దగ్గర మైకు పెట్టకపోతే వినబడదు. చిన్న మందిరములో, గృహకూటములో మాత్రము చక్కగా సరిపోతుంది. గంటసేపు వంగి వాయిస్తే నడుము నొప్పి తప్పదు గనుక ఇద్దరు నేర్చుకుంటే మేలు. వాడనప్పుడు తడినేల మీద, గోడకు ఆనించి పెట్టవద్దు. ప్లైవుడ్ పొరలు విడిపోతాయి, చెదలు కూడా పడతాయి.