కొయ్య తల నున్నగా రావాలంటే ఏ చిత్రిక?

ఏటికొప్పాక లక్కబొమ్మ చేతికొస్తే అందరూ పక్కల మెరుపే చూస్తారు. చెక్కపని తెలిసినవాళ్లు తిరగేసి అడుగు చూస్తారు. అంకుడు కొమ్మ లేత్ మీద తిరుగుతుంటే పక్కల్లో ఉలి సులువుగా సాగుతుంది. అడుగున మాత్రం పీచు అడ్డంగా తెగాలి, అక్కడే పనివాడి పదును బయటపడుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల ఊరిదీ, నర్సీపట్నానిదీ ఒకే అనకాపల్లి జిల్లా. నర్సీపట్నంలో సొరుగులో, ఫొటో ఫ్రేములో బిగించే వడ్రంగికి ఇదే చిక్కు బల్లమీద ఎదురవుతుంది. రంపంతో కోసిన చెక్క తలను నున్నగా, మూలమట్టానికి సరిగ్గా తేవాలి. దానికి ఏ చిత్రిక కొనాలి?

చెక్కను చీపురుకట్ట అనుకోండి. పొడవునా చిత్రిక పడితే పుల్లలు పొరగా లేస్తాయి. తలవైపు పడితే ప్రతి పుల్లనీ అడ్డంగా నరకాలి. పదును తగ్గితే బ్లేడు పీచును కోయదు, వంచి పీకేస్తుంది. టేకు లాంటి గట్టి చెక్క కంటే మెత్తటి చెక్కే ఇక్కడ ఎక్కువ ఏడిపిస్తుంది, దాని పీచు నిలబడకుండా నలిగిపోతుంది కనక.

పని జరిగేది ఒక పలక మీద. దానిపై మరో పలకను మెట్టులా బిగించి, చివర తొంభై డిగ్రీలకు అడ్డపట్టీ కొడతారు. చెక్కను పట్టీకి ఆనించి, తల మెట్టు అంచుకు వెంట్రుకవాసి బయటికి వచ్చేలా పట్టుకుని, చిత్రికను పక్కకు పడుకోబెట్టి మెట్టు వెంట తోస్తారు. అంటే చిత్రిక నడిచేది తన పక్క మీద. కాబట్టి కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఆ పక్కనే. అడుక్కీ పక్కకీ మధ్య మూలమట్టం పెట్టి వెలుతురుకెత్తి చూడండి. రెండోది బరువు. పీచు అడ్డుకున్నచోట తేలిక చిత్రిక ఆగి ఎగురుతుంది, బరువైనది అదే ఊపులో దాటిపోతుంది. అరచేతిలో ఇమిడే బ్లాక్ ప్లేన్ ఈ పనికి రాకపోవడం అందుకే. అంచులు కొట్టడానికి అది భేషుగ్గా ఉంటుంది, పలక మీద మాత్రం ఊగుతుంది.

కోణం గురించి చాలా ప్రచారం ఉంది. మామూలు జాక్ ప్లేన్‌లో బ్లేడు 45 డిగ్రీల వాలున కూర్చుంటుంది, పదును వాలు కిందికి. స్టాన్లీ కంపెనీ 1905లో తెచ్చిన 62 నంబరు చిత్రికలో బ్లేడు పన్నెండు డిగ్రీలకే పడుకుంటుంది, పదును వాలు పైకి. ఆ వాలు 25 అయితే కోత మొత్తం 37 డిగ్రీలు. తోయడం తేలికే. కానీ అంత పల్చటి అంచు టేకు మీద నిలవదు, ఆ చెక్కలోని సిలికా దాన్ని తొందరగా తినేస్తుంది. అంచు నిలవాలని 33కి నూరారనుకోండి, 12 కలిపితే మళ్లీ 45. అంత డబ్బూ పోసి కొన్న లాభం నూరేరాయి దగ్గరే పోయింది!

ఈ పని కోసమే పుట్టింది స్టాన్లీ 51 నంబరు, 1909 నుంచి 1943 దాకా చేశారు. దాని బ్లేడు ఏటవాలుగా ఉంటుంది, చెక్కను ఒక్కసారిగా గుద్దుకోకుండా ఓ కొస నుంచి మొదలెట్టి కోసుకుంటూ పోతుంది. ఇప్పుడు కెనడాలోని వెరిటాస్ అలాంటివి చేస్తోంది. రోజంతా ఫ్రేములే కోసేవాళ్లకి అది దండగ కాదు. మిగతావాళ్లకి 14 అంగుళాల జాక్ ప్లేనే చాలు, మిగిలిన డబ్బుతో మంచి సానరాయి కొనుక్కోవాలని నా అభిప్రాయం. మిషను రంపం ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లూ ఉంటారు. ప్లైవుడ్ పనికైతే నిజమే. జాయింటులో సందు కనబడకూడని చోట మాత్రం రంపపు గీతల మీద జిగురు సరిగ్గా కూర్చోదు.

ఎలాంటి చిత్రికైనా పరీక్ష ఒకటే. పనికిరాని ముక్క తల మీద ఓసారి తోసి రాలిందేమిటో చూడండి. పొడి రాలితే బ్లేడు నూరాలి. కాగితంలా చిన్న పొట్టు లేచి, చెక్క తల అద్దంలా మెరిస్తే సరే. అవతలి అంచు పెచ్చులేచిపోతుంటే ముందే ఆ మూలను ఉలితో కొంచెం వాలుగా కొట్టాలి. కోత మూలమట్టానికి రాకపోతే కొత్త చిత్రిక వెతకక్కర్లేదు, బ్లేడు వెనకున్న పక్కవాటు మీటను ఓ రవ్వ జరిపి మళ్లీ తోసి చూడండి.