కళ్ళారా చూద్దాం రండి

ఈ మధ్య ఏ నాట్య ప్రదర్శనకు వెళ్ళినా ఒక దృశ్యం తప్పకుండా ఎదురవుతోంది. తెర లేవగానే ముందు వరుస నుంచి చివరి వరుస దాకా చేతులు పైకి లేస్తాయి. ప్రతి చేతిలోనూ ఒక సెల్‌ఫోను. వెనక కూర్చున్న పెద్దవాళ్ళకు వేదిక కనిపించదు. ముందువాళ్ళ చేతుల్లోని బుల్లి వేదికలు మాత్రం బోలెడు కనిపిస్తాయి. "తీసినదంతా ఇంటికి వెళ్ళాక మళ్ళీ చూశారా?" అని అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు.

గోడకు తగిలించిన పటాన్ని ఎదురుగా నిలబడి చూస్తాం. కాని కొన్ని కళలు మనల్ని తమ మధ్యలో కూర్చోబెట్టుకుంటాయి. వాటిని చేతిలోని తెరమీద పట్టుకోవడం సాధ్యం కాదు. అలాంటి కళలకు నెలవులైన ఊళ్ళు మనం స్థిరపడిన రాష్ట్రాలలోనే ఉండడం మన అదృష్టం.

మెలట్టూరు వీధిలో

తంజావూరు జిల్లాలోని మెలట్టూరు పేరు తమిళనాడులోని మన వారికి కొత్త కాదు. నాయక రాజుల కాలంలో అచ్యుతప్ప నాయకుడు దానిని బ్రాహ్మణ కుటుంబాలకు అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. త్యాగరాజస్వామి కంటె పెద్దవారూ, ఆయనకు సమకాలికులూ అయిన మెలట్టూరు వెంకటరామశాస్త్రిగారు అక్కడే ప్రహ్లాద చరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయ వంటి నాటకాలు తెలుగులో రచించారు. వాటినే భాగవతమేళ నాటకాలు అంటారు. స్త్రీ పాత్రలతో సహా అన్నీ మగవారే ధరిస్తారు.

ఏటా వైశాఖ మాసంలో నృసింహ జయంతి నాటి రాత్రి, వరదరాజ పెరుమాళ్ కోవెల ఎదుట ప్రహ్లాద చరిత్రము ఆడతారు. పొద్దుపోయాక మొదలై తెల్లవారుజాము దాకా సాగుతుంది. మొదట కోణంగి గంతులు వేస్తూ వస్తాడు. తరువాత ఊరి పిల్లవాడొకడు ఏనుగు ముఖం తొడుక్కుని వినాయకుడై వస్తాడు. ఒక్కొక్క పాత్ర తన ప్రవేశ దరువుతో తీరికగా రంగం మీదికి వస్తుంది. ఎవరికీ తొందర ఉండదు.

నరసింహుని ముఖం మామూలు వేషసామగ్రి కాదు. దానిని కోవెలలో ఉంచి పూజ చేస్తారు. ఆ ముఖం ధరించేవారు ఉపవాసం ఉంటారు. చివర ఘట్టంలో ఆవేశంతో ముందుకు ఉరికే నరసింహుణ్ణి పక్కవారు గట్టిగా పట్టుకుని ఆపవలసి వస్తుంది. రాత్రంతా నిద్ర కాచి, ఆకలీ అలసటా ఓర్చుకుని కూర్చున్నవారికి ఆ క్షణం ఒళ్ళు గగుర్పొడిచేలా చేస్తుంది. అదే ఘట్టాన్ని రెండు నిమిషాల వీడియోలో చూస్తే, ఒక మనిషి సింహం ముఖం పెట్టుకుని ఊగడమే కనిపిస్తుంది. ఆ రెండు నిమిషాలకు బలం ఇచ్చినది అంతకు ముందు గడిచిన రాత్రి. రాత్రిని కెమెరా తీసుకురాలేదు.

మనవారు గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. ఆ కళాకారులు ఇంట్లో తమిళం మాట్లాడుతూ రంగం మీద తెలుగు పాడతారు. ఎదురుగా కూర్చున్న వారిలోనూ ఎక్కువమంది తమిళులే. మాట మాటకూ అర్థం తెలిసి తల ఊపే తెలుగు కుటుంబం ఒక్కటి ముందు వరుసలో ఉంటే, ఆ నాటకానికి అంతకన్న సంభావన ఏముంటుంది? ఆ తల ఊపడం ఫోను వెనక దాక్కుంటే పాడేవారికి అది కనిపించదు.

ఊరే రంగస్థలం

ఒడిశాలోని బర్గఢ్‌లో జరిగే ధనుయాత్రది మరొక పద్ధతి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1947–48లో మొదలైన ఈ ఉత్సవం పుష్యమాసంలో పౌర్ణమితో ముగిసేలా పదకొండు రోజులు సాగుతుంది. ఆ రోజుల్లో బర్గఢ్ పట్టణమే మథుర. జీరా నది యమున. ఏటి అవతలి అంబాపాలి గోకులం. కంస మహారాజు ఏనుగు నెక్కి వీధుల్లో తిరుగుతూ ప్రజలకూ, అధికారులకూ సైతం జరిమానాలు వేస్తాడు! అక్కడికి వెళ్ళినవారందరూ మథురా నగర ప్రజలే. ప్రేక్షకులంటూ వేరే ఎవరూ లేరు. ఫోను ఎత్తి పట్టుకున్న క్షణంలో మాత్రం మనం మథుర పౌరులం కాక, మళ్ళీ ఊరు చూడవచ్చినవాళ్ళం అయిపోతాం.

చీకటిలో బొమ్మలు

మహారాష్ట్రలోని మన వారికి అజంతా ఉంది. ఆ గుహల్లో ఫ్లాష్ వెలుగుతో ఫోటోలు తీయకూడదన్న నిబంధన రంగులను కాపాడడానికే. అయితే అది చూసేవారికీ మేలే. వెలుతురు నుంచి చీకటిలోకి వెళ్ళిన కంటికి పూర్తిగా అలవాటు కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒకటవ గుహలో కొంతసేపు ఊరకే నిలబడితే పద్మపాణి ముఖంలోని మృదుత్వం మెల్లగా తేలివస్తుంది. మధ్యలో ఫోను తెర వెలిగించారంటే కన్ను మళ్ళీ మొదటికి వస్తుంది.

బెంగుళూరు వారికి లేపాక్షి సుమారు 120 కిలోమీటర్లు. విజయనగర కాలంలో విరూపణ్ణ కట్టించిన ఆ వీరభద్రాలయంలో మండపాల కప్పు నిండా చిత్రాలే. మెడ ఎత్తి కిరాతార్జునీయం కథను ఒక కొస నుంచి చూసుకుంటూ రండి. అందులోని స్త్రీల చీర అంచులు, కొప్పులు, మగవారి పొడుగాటి టోపీలు ఒక్కొక్కటే కంట పడతాయి.

పరిశోధన ఏమంటోంది?

అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మ్యూజియంలో చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఫోటో తీసిన వస్తువుల కంటె, ఊరకే కళ్ళతో చూసిన వస్తువులే విద్యార్థులకు ఎక్కువగా గుర్తున్నాయి. ఇందులో ఒక మినహాయింపు ఉంది. వస్తువులోని ఏదో ఒక భాగాన్ని దగ్గరగా చూపేలా ఫోటో తీసినవారికి జ్ఞాపకం అంతగా తగ్గలేదు. అంటే జ్ఞాపకం ఉండేదీ లేనిదీ మనం పెట్టే శ్రద్ధను బట్టే. "ఫోను చూసుకుంటుందిలే" అని మనసు నిశ్చింతపడితేనే చిక్కు.

ఇంటిల్లిపాదీ వెళ్ళేటప్పుడు

వీడియోలు అసలే వద్దని కాదు. మెట్లెక్కలేని అమ్మమ్మకూ, విదేశంలో ఉన్న కొడుకూ కోడలికీ అవే ఆధారం. అందుకని ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకోవచ్చు. ప్రదర్శనకు వెళ్ళినప్పుడు ఒక్కరి ఫోను మాత్రం బయటికి తీయాలి. అదీ చివర మంగళం పాడేటప్పుడు. తక్కినవన్నీ అమ్మ చేతిసంచీలో ఉండాలి. వెళ్ళే ముందు రోజు పిల్లలకు కథ చెప్పండి. తెలుగు చదవడం రాని పిల్లలకు నాలుగైదు దరువుల అర్థం చెప్పి ఉంచండి. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో, "నీకు ఏది బాగా నచ్చింది?" అని ఒక్కొక్కరినీ అడగండి. పెద్దవాళ్ళు గమనించనిది పిల్లలు చెబుతారు, చూడండి!

అమ్మమ్మకు వీడియో చూపిస్తే చూపించండి. కాని ముందుగా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి, చూసినదంతా వాళ్ళ నోటనే, తెలుగులో ఆమెకు చెప్పించండి.