గుర్రాలలో చిన్న స్ట్రాంగైల్ నట్టల వలన కలిగే పెద్దప్రేగు వ్యాధి

గుర్రాల ప్రేగు నట్టలలో స్ట్రాంగైలస్ వల్గారిస్ ఒకప్పుడు అత్యంత ప్రమాదకరమైనదిగా పేరొందింది. దీని డింభకాలు ప్రేగులకు రక్తాన్ని అందించే ధమనిలో చేరి, రక్తపు గడ్డలను ఏర్పరచి, తీవ్రమైన కడుపునొప్పిని కలిగిస్తాయి. 1966లో అమెరికా శాస్త్రవేత్తలు డ్రడ్జ్, లయన్స్ సూచించిన విధంగా 6-8 వారాలకొకసారి మందు త్రాగించడం వలన ఈ నట్ట బాగా తగ్గింది. అయితే తరచుగా మందులు వాడటంతో వాటిని తట్టుకొనే చిన్న స్ట్రాంగైల్ నట్టలు ప్రబలాయి. వీటిలో సుమారు 50 జాతులున్నాయి.

జీవిత చక్రం: లద్దెతో వెలువడిన గుడ్ల నుండి వచ్చిన డింభకాలు మూడవ దశలో గడ్డిపైకి చేరి, మేతతో గుర్రంలోనికి ప్రవేశిస్తాయి. ఇవి అంధనాళం, పెద్దప్రేగు గోడలలోనికి చొచ్చుకొనిపోయి కోశాలను ఏర్పరచుకొంటాయి. కొన్ని డింభకాలు ఎదుగుదలను నిలిపివేసి రెండేళ్ళ వరకు అక్కడే ఉండగలవు.

వ్యాధి లక్షణాలు: కోశాలలోని డింభకాలు పెద్ద సంఖ్యలో ఒకేసారి వెలువడినప్పుడు ప్రేగు గోడ తీవ్రంగా వాచి దెబ్బతింటుంది. నీళ్ళ విరేచనాలు, త్వరగా చిక్కిపోవడం, రక్తంలో ఆల్బుమిన్ తగ్గి పొట్ట క్రింద నీరు చేరడం కనిపిస్తాయి. శీతల దేశాలలో చలికాలం చివర, వసంతంలో, ముఖ్యంగా ఆరేళ్ళలోపు గుర్రాలలో ఈ వ్యాధి అధికం. చికిత్స చేసినప్పటికీ సగం వరకు మరణించవచ్చు. మందుతో ప్రౌఢ నట్టలు తొలగిపోవడం కూడా డింభకాల వెలువడికి దారితీయవచ్చు.

వ్యాధి నిర్ధారణ: గుడ్లు పెట్టేవి ప్రౌఢ నట్టలే. కావున లద్దెలో గుడ్లు కనిపించనంత మాత్రాన ఈ వ్యాధి లేదని నిర్ధారించరాదు. విరేచనంలో సన్నని ఎర్రటి డింభకాల కొరకు పరిశీలించాలి. వయస్సు, కాలం, మందు వాడిన వివరాలను కూడా పరిగణించాలి.

చికిత్స: బెంజిమిడజోల్ మందులకు ఈ నట్టలలో నిరోధకత విస్తృతంగా ఉంది. ఐవర్‌మెక్టిన్ ప్రౌఢ నట్టలపై పనిచేసినా, కోశాలలోని డింభకాలపై దాని ప్రభావం స్వల్పం. మాక్సిడెక్టిన్ (కిలో శరీర బరువుకు 0.4 మి.గ్రా.) కోశస్థ డింభకాలపై కూడా పనిచేస్తుంది. చిన్న పిల్లలకు, బాగా చిక్కిన గుర్రాలకు దీనిని ఇచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం. తీవ్ర దశలో ద్రవాలు, వాపు తగ్గించే మందులు కూడా ఇవ్వాలి.

యాజమాన్యం: మందలోని సుమారు 20 శాతం గుర్రాల నుండే దాదాపు 80 శాతం గుడ్లు వెలువడతాయి. కావున పెద్ద గుర్రాలన్నింటికీ తరచుగా మందు త్రాగించుటకు బదులు, లద్దె పరీక్షలో గ్రాముకు 200కు మించి గుడ్లున్న వాటికి త్రాగించడం మేలు. 14 రోజుల తరువాత తిరిగి పరీక్షించి మందు పనితీరును నిర్ధారించుకోవాలి. వారానికి రెండుసార్లు మేత భూమి నుండి లద్దెను తొలగిస్తే డింభకాల బెడద తగ్గుతుంది. పనిచేసే మందులు కొద్దిగానే మిగిలినందున వాటిని పొదుపుగా వాడటం అత్యవసరం.