కడుపునొప్పి అమెరికాలో, మందు అమలాపురంలో

కిందటి ఏడాది డిసెంబరులో అమలాపురం నుంచి ఒక తండ్రి నన్ను వెతుక్కుంటూ రాజమండ్రి వచ్చారు. వెంట రోగి లేదు, చేతిలో ఫోను మాత్రం ఉంది. రోగి అమెరికాలో ఉంది. పదహారేళ్ళ పిల్ల. విద్యార్థుల మార్పిడి పథకంలో ఎంపికై, అక్కడొక కుటుంబంతో ఉంటూ అక్కడి హైస్కూల్లో ఒక ఏడాది చదవడానికి ఆగస్టులో వెళ్ళింది. ఇప్పుడు రోజూ కడుపునొప్పి, నిద్ర లేదు, తిండి సయించడంలేదు. "ఏ మాత్ర పంపమంటారు? పోనీ తీసుకొచ్చెయ్యమంటారా?" అని అడిగారు. పిల్ల వచ్చేస్తే ఏడాది చదువూ, ఎంపికై వెళ్ళిన ఉత్సాహమూ పోతాయి. రాకపోతే ఏమవుతుందోనని ఇంటిల్లిపాదికీ భయం.

ఈ ప్రయాణాలు కొత్తవి కావు. ఏ.ఎఫ్.ఎస్. సంస్థ 1947 నుంచి హైస్కూలు పిల్లల్ని ఒక దేశం నుంచి మరొక దేశానికి పంపుతోంది. అమెరికా ప్రభుత్వం 2002లో ప్రారంభించిన కెనెడీ-లూగర్ పథకం కింద తెలంగాణ గురుకులాల పిల్లలు కూడా వెళ్ళివచ్చారు. వెళ్ళిన పిల్లలకు వచ్చే బాధ అంతకంటే పాతది. 1688లోనే హోఫర్ అనే స్విస్ వైద్యుడు దాన్ని జబ్బుగా వర్ణించి 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. మన అమ్మమ్మలు "బెంగ పెట్టుకుంది" అని నాడి చూడకుండానే చెప్పేవారు.

నా సంగతే చెబుతాను. ముక్తేశ్వరం రేవులో పంటెక్కి కోటిపల్లిలో దిగి కాకినాడ వెళ్ళి వైద్యం చదువుకున్నవాణ్ణి. మొదటి నెలంతా కడుపునొప్పే. ఒక సీనియరు పుల్లత్రేన్పుల మాత్రలు మింగించాడు. శనివారం పంటెక్కగానే నొప్పి మాయమయ్యేది. గోదావరి పాయ ఒక్కటి దాటినవాడికే అలా ఉంటే, సముద్రాలు దాటిన పిల్ల మాటేమిటి?

1954లో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త ఈ స్థితిని 'కల్చర్ షాక్' అంటూ విశదీకరించాడు. మొదట్లో పెళ్ళివారింట్లో ఉన్నట్టు అన్నీ బాగుంటాయి. ఆ ముచ్చట తీరాక అన్నీ చేదవుతాయి. చాలామంది క్రమంగా తేరుకుంటారు. అలాగని కడుపునొప్పి అబద్ధం అనుకోకండి. మెదడుకూ పేగులకూ నరాల సంబంధం ఉంది. మనసు కుదురు తప్పితే పేగుల కదలికా కుదురు తప్పుతుంది.

ఆ పిల్లతో ఫోనులో మాట్లాడాను. విరేచనం ఎన్నాళ్ళకి అవుతోందని అడిగాను. నాలుగు రోజులకట! రొట్టె, జున్ను, బంగాళాదుంప తప్ప కూర ముట్టడంలేదు; చలికి నీళ్ళు తాగడంలేదు. తొక్కతో ఆపిల్, ఓట్స్, చిక్కుడు గింజలు, తగినన్ని నీళ్ళు తీసుకోమన్నాను. ఇంకో విషయం బయటపడింది. మనింట్లో "వద్దండీ" అన్నా రెండోసారి వడ్డిస్తారు. అక్కడ వద్దంటే వద్దనే అర్థం. మర్యాదకి వద్దని, పాపం, ఆకలితో పడుకుంటోంది! అక్కడ చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. వెలుగు తగ్గితే కొందరికి మనసూ దిగులుపడుతుంది. అందుకని మధ్యాహ్నం కాసేపు ఆరుబయట నడవమన్నాను.

ఇక నిద్ర. తల్లి వంటపని ముగించుకుని మధ్యాహ్నం పన్నెండింటికి రోజూ ఫోను చేస్తోంది. పిల్ల ఉండేది తూర్పు తీరంలో. అక్కడ అప్పుడు రాత్రి ఒకటిన్నర. ఇద్దరూ ఏడ్చి, తల్లి కునుకు తీస్తుంది, పిల్ల తెల్లవార్లూ మేలుకుంటుంది. ఆదివారం మన ఉదయం ఏడింటికి, అంటే అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి, వారానికి ఒక్కసారే మాట్లాడమన్నాను. మందు తల్లికి రాశానన్నమాట.

అయితే అన్నీ బెంగకిందే కట్టెయ్యకండి. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగే నొప్పి, జ్వరం, వాంతులు ఉంటే వెంటనే ఆస్పత్రి. రెండు వారాలు దాటినా దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బడి మానేసినా వైద్యుడికి చూపించాలి. చావు మాటలు వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. అమెరికాలో అలాంటప్పుడు 988కి, ప్రాణాపాయమైతే 911కి చెయ్యాలి. ఇక్కడ తల్లిదండ్రులకు టెలిమానస్ 14416 ఉంది. ఆ ఇంట్లో ఎవరి ప్రవర్తనైనా తేడాగా ఉంటే పథకం వారికి ఆ క్షణమే చెప్పమని పిల్లకు ముందే నేర్పండి. కుటుంబాన్ని మార్చమని అడగడం తప్పు కాదు.

పంపబోయేవారికి ఇంకొక్క మాట. టీకాల కాగితాలన్నీ భద్రపరచండి; తట్టమ్మ, గవదబిళ్ళలు, ధనుర్వాతం, ఆటలమ్మ టీకాల వివరాలు అక్కడి బడులు అడుగుతాయి. చిన్నప్పుడు బి.సి.జి. వేసిన పిల్లలకు క్షయ చర్మపరీక్ష పొరపాటున పాజిటివ్ చూపించవచ్చు. కంగారు పడక రక్తపరీక్ష అడగండి. ఉబ్బసం, మూర్ఛ ఉంటే దాచకండి. సీటు పోతుందని దాచే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ పిల్ల ఏడాది పూర్తిచేసి జూన్‌లో తిరిగొచ్చింది. మొన్న తండ్రి మళ్ళీ వచ్చారు. ఇల్లంతా గోలగా ఉందంటోందట, తలుపు వేసుకుంటోందట. తిరిగొచ్చాక ఇదీ మామూలే, కొన్నాళ్ళు ఓపిక పట్టండన్నాను. "అదికాదండీ, అన్నం చాలంటే నిజంగానే చాలంటోంది. వాళ్ళమ్మ వడ్డించడం మానదు. రోజూ గొడవే" అన్నారు. ఈసారీ మందు తల్లికే రాశాను.