బిడ్డ కంటిరంగు: తల్లిదండ్రుల వారసత్వము

ఇంట శిశువు జన్మించినంతనే చూడవచ్చిన చుట్టపక్కములు ముక్కు తండ్రిదనియు, నుదురు అమ్మమ్మదనియు పోలికలు చెప్పుట మన దేశమున అంతటను ఉన్న వేడుక. కాని తల్లిదండ్రులిద్దరివి నల్లకండ్లై యుండి, బిడ్డ తేనెకండ్లతోనో, పిల్లికండ్లు అనబడు లేతరంగు కండ్లతోనో పుట్టినచో, కొన్ని ఇండ్లలో ఆ వేడుక గుసగుసలకును, తల్లిపై అనుమానమునకును దారితీయుచున్నది. బాలింతరాలికి ఇది చెప్పరాని క్షోభ. ఇట్టి అనుమానమునకు శాస్త్రమున ఆధారము లేదు. ఎందుచేత లేదో ప్రతి కుటుంబమును తెలిసికొనవలెను.

కంటికి రంగు ఎట్లు వచ్చును?

కంటి తెల్లగుడ్డు నడుమ గుండ్రముగా కనిపించు రంగుపొరను వైద్యులు ఐరిస్ అందురు. దాని మధ్యనున్న నల్లని రంధ్రమే కంటిపాప. చర్మమునకును, వెండ్రుకలకును రంగునిచ్చు మెలనిన్ అను పదార్థమే ఈ పొరకును రంగునిచ్చుచున్నది. అది సమృద్ధిగా ఉన్నచో కన్ను ముదురు గోధుమరంగుగా ఉండును. మనము నల్లకండ్లు అనునవి ఇవియే. కొంత తగ్గినచో తేనెరంగు, ఇంకను తగ్గినచో ఆకుపచ్చ, మిక్కిలి స్వల్పమైనచో నీలము కనిపించును. నీలికంటిలో నీలపు రంగుపదార్థమేదియు లేదు. ఆకాశమందు వలెనే వెలుతురు చెదరుటచేత ఆ నీలిమ తోచును.

మెలనిన్ తయారగుట శిశువు పుట్టిన తరువాతను కొనసాగును. కావున పుట్టినప్పుడు బూడిదరంగుగా తోచిన కన్ను మొదటి సంవత్సరములో క్రమముగా ముదురు కావచ్చును. కొందరిలో ఈ మార్పు మూడేండ్ల వరకును సాగును. పురిటిగదిలోనే రంగును నిర్ణయించి మాటలాడుట తొందరపాటు.

దాగియుండు లక్షణములు

మన శరీర కణములలో 23 జతల క్రోమోసోములు ఉండును. ప్రతి జతలో ఒకటి తల్లినుండియు, ఒకటి తండ్రినుండియు వచ్చినవి. లక్షణములను నిర్ణయించు జన్యువులు వీనిపై నుండును. ఒక లక్షణము ఒక తరమున కనబడకుండ దాగియుండి, తరువాతి తరమున మరల బయలుపడగలదని గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలపై పరిశోధించి 1866లో ప్రకటించెను.

దీనిని రెండు రూపాయి కాసులతో గ్రహింపవచ్చును. బొమ్మ ముదురురంగు, బొరుసు లేతరంగు అనుకొనుడు. తల్లియొద్ద ఒక కాసు, తండ్రియొద్ద ఒక కాసు. రెండింటికిని బొమ్మ, బొరుసు ఉన్నవి. బొమ్మ ఒక్కటి పడినను కన్ను నల్లనిదే. రెండును బొరుసులే పడుట నాలుగింట ఒక వంతు సంభవము. అప్పుడు నల్లకండ్ల దంపతులకు లేతకండ్ల బిడ్డ కలుగును. ఆ బొరుసు ఏ ముత్తవ్వ నాటినుండియో రెండు కుటుంబములలోను దాగివచ్చియుండవచ్చును. ప్రతి కాన్పునకును కాసులు క్రొత్తగా ఎగురవేసినట్లే. మొదటి బిడ్డ రంగు రెండవ బిడ్డ రంగును నిర్ణయింపదు.

నిజమునకు విషయము ఇంతకంటె జటిలము. 1907 ప్రాంతమున శాస్త్రజ్ఞులు కంటిరంగు ఒకే జన్యువుచే నిర్ణీతమగునని తలచిరి. 15వ క్రోమోసోముపై ఇరుగుపొరుగున నున్న ఓసీఏ2, హెర్క్2 అను రెండు జన్యువులు ప్రధానములని తరువాత తేలినది. రమారమి 1,95,000 మందిని పరిశీలించి 2021లో ప్రకటించిన పరిశోధనము కంటిరంగుతో సంబంధముగల 61 జన్యుస్థానములను గుర్తించినది. ఇన్ని కలిసి పనిచేయుటచేత, లేతకండ్ల దంపతులకు నల్లకండ్ల బిడ్డ సైతము అరుదుగా పుట్టుట కలదు. అందుచేత కంటిరంగును చూచి తండ్రి ఎవరో నిర్ణయించుట ఏ వైద్యునికిని సాధ్యము కాదు.

గర్భిణి కుంకుమపువ్వు కలిపిన పాలు త్రాగినను, గ్రహణము చూచినను ఈ జన్యువులు మారవు. బిడ్డ రంగు తల్లి చేసిన తప్పును కాదు, ఒప్పును కాదు.

మేనరికములలో జాగ్రత్త

దాగివచ్చు లక్షణములన్నియు కంటిరంగువలె నిరపాయములు కావు. ఆల్బినిజము అను స్థితిలో మెలనిన్ సరిగా తయారు కాదు. సాధారణముగా తల్లి, తండ్రి ఇరువురియందును ఆ లోపము దాగియున్నప్పుడే బిడ్డకు సంక్రమించును. అట్టి బిడ్డకు చర్మము, వెండ్రుకలు పాలిపోయియుండును; కండ్లు నిలుకడలేక కదలాడును; చూపు మందగించును. మేనమామను, మేనబావను పెండ్లాడుట దక్షిణదేశమున తరతరముల ఆచారము. ఇట్టి దంపతులకు పూర్వికులు ఒకరే యగుటచేత, ఒకే లోపము ఇరువురియందును దాగియుండు అవకాశము హెచ్చు. వంశమున పుట్టుకతో వచ్చిన అంధత్వముగాని, చెవుడుగాని ఉన్నచో వివాహమునకు ముందే వైద్యుని సలహా పొందుట మేలు.

తల్లిదండ్రులు గమనింపవలసినవి

బిడ్డ కంటిరంగు ఎవరి పోలికయో అని తర్కించుటకు మారుగా, ఈ క్రింది చిహ్నములు ఉన్నవేమో చూడుడు.

కంటిపాప తెల్లగా మెరయుట. ఫోటో తీసినప్పుడు ఒక కంటిపాప మాత్రము తెల్లగా కనబడుట. ఇది పుట్టుశుక్లము కావచ్చును, లేదా రెటినోబ్లాస్టోమా అను కంటి కాన్సరు కావచ్చును. ఈ కాన్సరును తొలిదశలో గుర్తించి చికిత్స చేసినచో ప్రాణము దక్కును. అనేకులకు చూపును దక్కును. ఒక బిడ్డకు వచ్చినచో తోబుట్టువుల కండ్లను సైతము పరీక్ష చేయింపవలెను.

నల్లగుడ్డు పెద్దదై, మసకబారి, కన్ను నీరుకారుచు వెలుతురునకు ఓర్వకుండుట. ఇది కంటిలోపలి ఒత్తిడి హెచ్చుటచే కావచ్చును.

రెండు కండ్లు రెండు రంగులుగా ఉండుట. పలుమారు ఇది నిరపాయమే. అయినను నుదుట తెల్లని జుట్టుపాయ ఉన్నచో, పిలుపునకు పలుకనిచో వినికిడిని పరీక్షింపవలెను.

వీనిలో ఏది కనిపించినను ఆలస్యము చేయక కంటివైద్యునికి చూపుడు. ఆముదము, తేనె, తల్లిపాలు కంటిలో వేయకూడదు, కాటుక పెట్టకూడదు. అవి రంగును మార్చలేవు సరికదా, కంటికి హాని చేయగలవు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టుశుక్లము, పుట్టుచెవుడు మొదలగువానికై పిల్లలకు ఉచితముగా పరీక్షలు జరుగుచున్నవి. మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, అంగన్‌వాడీ కార్యకర్తను గాని అడిగి తెలిసికొనుడు.

బిడ్డ కన్ను ఏ రంగైనను అది ఉభయ వంశముల ఉమ్మడి ఆస్తి. బాలింతరాలికి నెమ్మది, బిడ్డకు చక్కని చూపు చేకూర్చుట కుటుంబమందరి బాధ్యత.